నల్లంచు పోస్టరు

బొమ్మల కాలేజీలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. జీతాల రోజున గుమాస్తా నోట ఒకసారి వినపడేది, మర్నాటికి ఆయనా మర్చిపోయేవాడు. చాటున అందరికీ ఆవిడ కదలనమ్మ. ఎదురుగా మాత్రం పిల్లలు పిన్నీ అని పిలిచేవాళ్లు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆవిడ చేరింది గదులు ఊడవడానికి, రంగునీళ్ల డబ్బాలు కడగడానికి, బెంచీలు సర్దడానికి. ఏళ్ల కిందట ఒకరోజు, బొమ్మ గీయించుకోవడానికి కూర్చోవలసిన మనిషి రాలేదు. మాస్టారు గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏమమ్మా, కాసేపు ఈ కుర్చీలో కూర్చుంటారా?" అన్నారు. కూర్చోమన్నారు గానీ లెమ్మనడం మర్చిపోయారు. చీపురు ఒళ్లో పెట్టుకుని, గంట కొట్టేదాకా రెప్పలు తప్ప మరేదీ కదల్చకుండా ఆవిడ అలాగే ఉండిపోయింది. దాంతో ఆ రానివాడి కుర్చీ ఈవిడకు దక్కింది. చీపురు కూడా చేతిలోనే మిగిలిందనుకోండి, అది వేరే సంగతి.

"అంతసేపు కదలకుండా ఎలా ఉంటారు పిన్నీ?" అని కొత్తగా చేరిన పిల్లలు ఏటా అడిగేవాళ్లు.

"ఇంటికెళ్లినా చేసేది అదేగా తల్లీ. ఇక్కడైతే చూసేవాళ్లున్నారు" అనేది. అందరూ నవ్వేవాళ్లు. ఆవిడా నవ్వేది.

నవ్వులాటకు అన్నా అది నిజమే. ఆవిడ ఉండేది టైర్ల దుకాణం మీద ఒంటి గదిలో. ఒక మంచం, ఒక స్టవ్వు, బోర్లించిన ఒక కంచం. పొద్దున్న పనికి వస్తూ రేడియో ఆపేది కాదు. సాయంత్రం తాళం తీస్తున్నప్పుడు లోపల ఎవరో మాట్లాడుతున్నట్టు ఉండాలని ఆవిడ కోరిక. కరెంటు దండగ అని ఇల్లుగలావిడ కిందనుంచి సణుగుతూనే ఉండేది. పంటల ధరలు చెప్పే గొంతైనా సరే, గొంతు గొంతే కదా.

కాలేజీలో గంటల తరబడి గదినిండా కళ్లు ఆవిడ మొహం మీదే ఉండేవి. అంతమంది అంతసేపు చూస్తే ఏ మనిషికైనా గర్వం తలకెక్కాలి. కానీ వాళ్లకు కావలసింది ముక్కు నీడ ఎటు పడిందని. ఆ ముక్కున్న మనిషి నిన్న జ్వరంతో పడుకుందా, అన్నం తిన్నదా అన్నది ఏ పెన్సిలుకూ అక్కర్లేదు. పిల్లల్ని తప్పుపట్టి లాభం లేదు, వాళ్లు నేర్చుకోవడానికి వచ్చింది నీడలే.

ఈ లోకంలో ఆవిడకు మిగిలిన రక్తసంబంధం ఒక్క అక్క. ఎక్కడో కాదు, అదే ఊళ్లో, బస్సెక్కితే అరగంట. పలకరింపులు మాత్రం లేవు. ఆవిడ కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టిన ఏడాది కాలేజీ ప్రదర్శనలో ఒక కుర్రాడి బొమ్మ పెట్టారు. ఆవిడ నిండుగా బట్టకట్టుకునే కూర్చుంది. ఆ మహానుభావుడు తన ఊహకొద్దీ ఒక భుజం మీద బట్ట తీసేసి గీశాడు. అది కాస్తా బావగారి కంట పడింది. మర్నాడు పొద్దున్నే అక్క మెట్లెక్కి వచ్చి, "నీకు సిగ్గులేకపోతే మాకుంది. మా ఆయన నలుగురిలో తల ఎత్తుకోలేకపోతున్నారు" అని అరిచింది.

ఆ బొమ్మ చూసి తనూ సిగ్గుపడ్డానని ఈవిడ చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. "మీ ఆయన పరువు నా భుజమెక్కి ఎప్పుడు కూర్చుందక్కా? నాకు బరువేమీ తెలియలేదే!" అంది. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. అక్క మెట్లు దిగిపోయింది. మళ్లీ ఆ మెట్లెక్కలేదు.

ఆ ఊళ్లో చావు కబురు గోడలు చెబుతాయి. మనిషి పోతే ఇంటివాళ్లు ఫొటో వేయించి, కింద తేదీ, చోటు, వేళ అచ్చువేయించి, చుట్టూ నల్ల అంచు పెట్టి వీధి మూలల్లో అంటిస్తారు. అక్షరాలు చదివేవాళ్లు తక్కువ, మొహం చూసి పోల్చుకునేవాళ్లే ఎక్కువ. బావ పోయిన సంగతి ఆవిడకు అలాగే తెలిసింది. కూరగాయల సంచితో బస్సు కోసం నిలబడితే ఎదుటి గోడ మీదనుంచి బావ చూస్తున్నాడు. సంచితోనే పరుగున వెళ్లింది. అక్క వాళ్ల వీధి మూలదాకా వెళ్లింది. అక్కడ కుర్చీలు, జనం. వాళ్లలో ఎవరైనా "నువ్వెందుకొచ్చావు" అంటే ఏం చెప్పాలో తోచలేదు. కాసేపు నిలబడి, అదే సంచితో వెనక్కి వచ్చేసింది.

అప్పట్నుంచీ ఏటా ప్రదర్శన ఆహ్వానాలు మడతపెట్టేటప్పుడు ఒక కవరు మీద అక్క చిరునామా తన చేత్తో రాసి పోస్టులో వేసేది. వేరే ఉత్తరం రాసే ధైర్యం లేదు. అచ్చుకార్డులో మాట జారే ప్రమాదం లేదు కదా. ప్రదర్శన జరిగినన్నాళ్లూ గుమ్మం వైపే చూసేది. ఏ ఏడాదైనా అక్క వస్తుందని, ఒక్కసారి వస్తే చాలునని ఆవిడ ఆశ. అక్క రాలేదు.

ఆ మాటకొస్తే ప్రదర్శనకు ఎవరూ రావడం లేదు. కిందటేడు వచ్చినవాళ్లు పిల్లల అమ్మానాన్నలు, వర్షానికి తలదాచుకున్న ఒక బీమా ఏజెంటు. ఆయన మాత్రం బొమ్మలన్నీ శ్రద్ధగా చూసి, మాస్టారికి ఒక పాలసీ అంటగట్టిపోయాడు. "ఈసారి జనం రాకపోతే వచ్చే ఏడు హాలు ఇచ్చేది లేదంటున్నారు" అని మాస్టారు పిల్లల్ని పిలిచి చెప్పారు. ప్రచారం పని ఆఖరి సంవత్సరం చదివే ఒక అమ్మాయి నెత్తినేసుకుంది. పొద్దస్తమానం చంకలో కాగితాల చుట్ట ఉండేది, అందుకని ఆమెకు పోస్టరమ్మాయి అని పేరు పడిపోయింది.

పోస్టరమ్మాయికి తోడు నిలబడ్డది కదలనమ్మే. మిగతా పిల్లలు ఫ్యాను కింద గోడ ఎవరిదని కొట్టుకుంటుంటే వీళ్లిద్దరూ మేకులు, దారం, నిచ్చెన చూసుకునేవాళ్లు. బొమ్మల కింద అంటించే చీటీలు కత్తిరించారు. పత్రికాఫీసుల చుట్టూ తిరిగారు. ఒక ఆఫీసులో గంట కూర్చోబెట్టి, "హత్యలేమైనా జరిగితే చెప్పండమ్మా, బొమ్మలకు చోటెక్కడిది" అన్నారు. మరో ఆఫీసువాళ్లు వేశారు గానీ, తప్పిపోయిన కుక్క ప్రకటన కింద వేశారు.

"పోస్టరే దిక్కు పిన్నీ. దూరంనుంచి ఆగి చూసేట్టుండాలి" అంది అమ్మాయి.

దానికి ఆ అమ్మాయి బొగ్గుతో గీసిన కదలనమ్మ మొహాన్నే ఎంచుకున్నారు. కళ్లద్దాల మెరుపు గీయడానికి ఇబ్బంది అని కూర్చునేటప్పుడు ఆవిడ కళ్లద్దాలు తీసేసేది. బొమ్మలో కళ్లు కాస్త దూరంగా, ఎవరినో కనిపెట్టుకుని ఉన్నట్టు ఉన్నాయి. రంగుల అచ్చు వద్దు, నలుపూ తెలుపే బాగుంటుందన్నారు. బొమ్మకు పట్టు ఉంటుందని అమ్మాయి చుట్టూ మందంగా నల్ల అంచు గీసింది. తేదీ, చోటు, వేళ పెద్దక్షరాల్లో. 'విద్యార్థుల చిత్రకళా ప్రదర్శన' అన్న మాట మాత్రం అడుగున, సన్నగా, కొత్త ఫ్యాషన్ వంకర్లతో. పెద్దదిగా వేస్తే బొమ్మకు ఊపిరాడదట.

మాస్టారు చూసి భేష్ అన్నారు. అమ్మాయి మురిసిపోయింది. కదలనమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు, ఇంతకాలం నాలుగు గోడల మధ్య ఉన్న మొహం వీధికెక్కబోతోంది. ముగ్గురు చూశారు, ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. పొద్దున లేస్తే బొమ్మల మధ్యే బతికేవాళ్లకు బొమ్మ బొమ్మగానే కనపడుతుంది మరి.

బకెట్లో మైదాజిగురు, చేతిలో వెడల్పాటి కుంచె, చంకలో కాగితాలు. వారం ముందు ఆవిడే ఊరంతా తిరిగి అంటించింది. బస్టాపు గోడకు, మార్కెట్టు గేటుకు, ఆస్పత్రి ఎదురు సందుకు. చివరి కాగితం పట్టుకుని బస్సెక్కి అక్క వీధికి వెళ్లింది. మూలమీద ఇస్త్రీ దుకాణం పక్క గోడకు, అక్క కిటికీలోంచి వంగిచూస్తే కనపడేట్టు అంటించింది. ఆహ్వానాన్నైతే విప్పకుండా చింపెయ్యొచ్చు. గోడను ఏం చేస్తుంది?

మర్నాడు కిరాణా కొట్టులో అడుగు పెట్టేసరికి కొట్టాయన చేతిలో కందిపప్పు పొట్లం జారి నేలపాలైంది.

"మీరు... మీరు పోలేదా?" అన్నాడు.

"ఎక్కడికి?"

ఎక్కడికో చెప్పలేక ఆయన గోడవైపు వేలు చూపించాడు. ఆవిడకు అప్పుడు కనపడింది. బొమ్మ, అంచు, తేదీ, చోటు, వేళ. వెంటనే నవ్వొచ్చింది. నవ్వుకుంటూ ఇంటికి వచ్చేసరికి గది తలుపు బార్లా తీసి ఉంది. ఇల్లుగలావిడ ఒక కొత్త జంటకు గది చూపిస్తోంది.

"గాలి బాగా వస్తుంది. ఈ మంచం అదీ తీయించేస్తాను" అని చెబుతూ వెనక్కి తిరిగి, కెవ్వుమంది. తేరుకుని, "హమ్మయ్య, బతికే ఉన్నారన్నమాట" అంది. ఆ హమ్మయ్యలో సంతోషం ఉప్పుగల్లంత కూడా లేదు. రేడియో మాత్రం ఆపేసి ఉంది.

ఆ తర్వాత దర్జీ ఎదురుపడి, కుట్టడానికిచ్చిన జాకెట్టు ఎవరికివ్వాలా అని తలపట్టుకున్నానన్నాడు. అంతే. వాకిట్లో పువ్వు పెట్టినవాళ్లు లేరు, తలుపు కొట్టి అయ్యో అన్నవాళ్లు లేరు. ఆ రాత్రి మంచం మీద కూర్చుని ఆవిడ లెక్క చూసుకుంది. తను పోతే పప్పు ఒలుకుతుంది, గది ఖాళీ అవుతుంది, ఒక జాకెట్టు మిగులుతుంది. నవ్వు ఆగిపోయింది. ఇంత ఒంటరిగా ఉన్నానని ఆవిడకు తెలుసు గానీ, ఊరంతా కలిసి రుజువు చేసి చూపిస్తుందని అనుకోలేదు.

మర్నాడు కాలేజీలో గగ్గోలుగా ఉంది. ఆవిడ ఎప్పుడు పోయిందని ఫోన్ల మీద ఫోన్లు. "ప్రదర్శన పెట్టమంటే సంతాపసభ చేశారు కదర్రా!" అని మాస్టారు తల బాదుకున్నారు. పోస్టరమ్మాయి ఏడుస్తూ కదలనమ్మ చేతులు పట్టుకుంది.

"నా వల్లే పిన్నీ. మీకు అశుభం..."

"ఊరుకో తల్లీ. చచ్చారని చెప్పుకుంటే ఆయుష్షు పెరుగుతుందంటారు. పెరిగి ఏం చేసుకోవాలో మాత్రం తెలియడం లేదు" అంది ఆవిడ.

అప్పటికప్పుడు ఎర్ర అక్షరాలతో 'చిత్రకళా ప్రదర్శన, అందరూ రండి' అని పొడుగు చీటీలు అచ్చువేయించారు. ప్రతి పోస్టరు మీదా అడ్డంగా అంటించాలి. ఎక్కడెక్కడ అంటించిందో ఆవిడకే తెలుసు కాబట్టి ఆవిడే బయలుదేరింది. బస్టాపు అయింది, మార్కెట్టు అయింది, ఆస్పత్రి సందు అయింది. ఆఖరికి అక్క వీధి మూల.

కుంచె జిగురులో ముంచింది. చీటీ వెనక రాయబోయి ఆగిపోయింది. మూడో అంతస్తులో అక్క కిటికీ తెరిచే ఉంది. తీగ మీద అక్క తువ్వాలు ఆరేసి ఉంది. ఈపాటికి అక్క ఈ కాగితం చూసే ఉంటుంది. చూసి ఏమనుకుని ఉంటుంది? పీడా పోయిందనుకుందా? ఏడ్చిందా? ఇన్నేళ్లు కార్డులు వేస్తే రాని మనిషి, దీనికి వస్తుందా?

తప్పని తెలుసు. ఎవరి చావు కబురైనా పరిహాసం కాదనీ తెలుసు. ఈ చీటీ ఇప్పుడు అంటిస్తే అక్క కిటికీ మూసేసుకుంటుంది, అంతటితో సరి. అంటించకపోతే ఒకవేళ వస్తుందేమో. ఆ ఒకవేళ ముందు మిగతా తెలివంతా ఎందుకూ కొరగాకుండా పోయింది. ఆవిడ కుంచెను బకెట్టు అంచుకు రాసి, చీటీని మడిచి సంచిలో పెట్టుకుని, బస్సెక్కేసింది.

"అన్నీ అంటించారా పిన్నీ?" అని పోస్టరమ్మాయి అడిగింది.

"ఆ, అన్నీ" అంది.

ప్రదర్శన మొదలయ్యే రోజు, ఇంకా గంట వ్యవధి ఉంది. హాల్లో సగం బొమ్మలు గోడలకు, సగం నేలమీద. పోస్టరమ్మాయి స్టూలెక్కి బొమ్మల కింద చీటీలు అంటిస్తోంది. కదలనమ్మ మూలన నిలబెట్టిన చెక్క తెర వెనక కూర్చుని, మిగిలిన మేకులు డబ్బాలో ఏరుకుంటోంది. గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. ఒక కాలు నేలను రాసుకుంటూ, ఒక కాలు ఎత్తి వేస్తూ. ఆ నడక ఏ చెవికైనా కొత్త గానీ ఈవిడకు కాదు. చేతిలో మేకు చేతిలోనే ఉండిపోయింది.

అక్క వచ్చింది. జుట్టంతా తెల్లబడింది. తెల్ల చీర, చేతిలో కాగితంలో చుట్టిన తెల్ల పూలు. చావుకు వెళ్లేవాళ్లు ముందుగానే వెళ్తారు కదా, అలా ముందుగా వచ్చింది. గోడలనిండా చెల్లెలి మొహాలు చూసి కాస్త తడబడి, మధ్యలో ఉన్న బొగ్గుబొమ్మ ముందు నిలబడింది.

"చూడండమ్మా, చూడండి. బాగుందా?" అంది పోస్టరమ్మాయి, స్టూలు మీదనుంచి దిగుతూ.

"దీని మొహం ఇలాగే ఉంటుందమ్మా. కోపం వస్తే కూడా ఇలాగే ఉంటుంది" అంది అక్క. "నా చెల్లెలు."

"అరె, పిన్నికి అక్క ఉన్నారని మాకు తెలీదే!"

"చెప్పదు. మొండిఘటం. నేను అంతకన్నా మొండిదాన్ని." అక్క పూల కాగితం గుండెకు అదుముకుంది. "చిన్నప్పుడు దీనికి చీకటంటే భయం. పడుకున్నాక నన్ను లేపేది, అక్కా గొళ్లెం పెట్టావా అని. పెట్టానే తల్లీ అంటే, లేచి వెళ్లి చూసి రమ్మనేది. నా చెయ్యి తన మొహం మీద వేసుకుంటే గానీ నిద్ర పట్టేది కాదు. ఇన్నేళ్లూ ఒక్కతే ఎలా పడుకుందో. రోజూ అనుకునేదాన్ని, రేపు వెళ్దాం, రేపు వెళ్దాం అని. రేపు అనుకుంటూనే దీన్ని పంపించేశాను."

తెర వెనకనుంచి వెంటనే లేచి రావలసింది. ఆవిడ రాలేదు. బతికున్నంత కాలంలో ఆవిడ గురించి ఇంత ప్రేమగా ఎవరూ మాట్లాడలేదు. ఇంకొక్క మాట, ఇంకొక్క మాట అని ఆశపడుతూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వింటూ కూర్చుంది. ఆశ ఎంత చెడ్డదంటే, కన్నీళ్లు పెట్టుకుంటున్న అక్కను తెర సందులోంచి చూస్తూ కూడా కడుపు నిండుతోంది.

"పంపించేయడం ఏంటండీ? పిన్ని ఇక్కడే..." అని అమ్మాయి అయోమయంగా మొదలుపెట్టింది. ఇక లేవక తప్పలేదు.

"అక్కా."

అక్క వెనక్కి తిరిగింది. చేతిలోంచి పూలు జారాయి. గబగబా వచ్చి రెండు చేతులతో చెల్లెలి మొహం తడిమింది. నుదురు, చెంపలు, గడ్డం. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఇద్దరూ చిన్నపిల్లలైపోయారు. ఆ తర్వాత అక్క చేతులు ఆగిపోయాయి.

"మరి ఆ కాగితం?"

"అది ప్రదర్శన పోస్టరక్కా. జనం పొరపాటు పడ్డారు."

"అదేనండీ, అందుకే మళ్లీ అన్నింటి మీదా ఎర్రచీటీలు అంటించాం" అంది పోస్టరమ్మాయి, సాయం చేస్తున్నాననుకుని. పాపం, ఆ పిల్ల తప్పేం లేదు.

"మా వీధిలో దాని మీద లేదే చీటీ" అంది అక్క. చెల్లెలి కళ్లలోకి చూసింది. "అక్కడ అంటించింది ఎవరు?"

ఊడిపోయిందేమో అనొచ్చు. గాలికి పోయిందేమో అనొచ్చు. "నేనే" అంది ఈవిడ. "చీటీ తెచ్చాను. అంటించలేదు. వస్తావని."

ఈసారి అక్క గొంతులో అరుపు లేదు.

"వీధంతా వచ్చి నన్ను ఓదార్చారు. రెండు రోజులు నేను అన్నం ముట్టలేదు. నువ్వు చచ్చావంటే గానీ నేను రాననుకున్నావా?"

"ఇన్నేళ్లూ రాలేదుగా అక్కా."

"మా ఆయన నిజంగా పోయారు. నువ్వు రాలేదు. నువ్వు పోలేదు. నేనొచ్చాను."

"వచ్చాను. మీ వీధి మూలదాకా వచ్చాను. జనాన్ని చూసి భయమేసి..."

"మూలదాకా వస్తే వచ్చినట్టా?"

అక్క వంగి పూలు ఏరబోయి, మానుకుని, నిటారుగా నిలబడింది.

"నీకోసం ఏడవవలసింది ఏడ్చేశాను. రెండోసారి నావల్ల కాదు. నిజంగా పోయినరోజు కబురు పెట్టించకు" అంది. ఒక కాలు రాసుకుంటూ, ఒక కాలు ఎత్తి వేస్తూ, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం హాలు కిటకిటలాడింది. చచ్చినావిడ బతికున్న వింత చూడ్డానికి సగం ఊరు కదిలింది. జనం ఆవిడ పక్కన నిలబడి ఫొటోలు దిగారు. మాస్టారికి వచ్చే ఏటి హాలు ఆ రోజే ఖాయమైంది. ఆవిడ అందరికీ దారి చూపించింది, మంచినీళ్లిచ్చింది, ఎవరేమన్నా నవ్వింది.

ఇంటికి వెళ్లాక మాత్రం నవ్వలేదు, ఏడవనూ లేదు. ఆలోచించింది. అక్క కోపం పాలపొంగు, చిన్నప్పటినుంచీ అంతే. పైగా తన మొహం తడిమింది కదా. ఆ చేతులు అబద్ధం చెప్పవు. పొద్దున్నే వెళ్లి ముందు ఆ గోడ మీద చీటీ అంటించేయాలి. అందరూ చూస్తుండగా అంటించాలి. ఆ తర్వాత మెట్లెక్కాలి. తలుపు తీయకపోతే మెట్లమీదే కూర్చోవాలి. కదలకుండా కూర్చోవడం తనకంటే బాగా ఎవరికొచ్చు? అలా అనుకున్నాక నిద్ర పట్టింది.

పొద్దున జిగురు బకెట్టుతో ఆ వీధి మూల దిగేసరికి ఇస్త్రీ అతను బొగ్గులు రాజేస్తున్నాడు. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని, సంచిలోంచి చీటీ తీసింది.

"అమ్మా, ఆ కాగితం తీసేస్తున్నారా ఏంటి? ఇవాళ్టికి ఉంచండి పాపం" అన్నాడతను. "పైనింటి పెద్దావిడ చెల్లెలట."

"అవునా?" అంది ఆవిడ.

"మధ్యలో మాకూ అనుమానం వచ్చిందండి. ఏదో బొమ్మల కాగితమని ఎవరో అన్నారు. నిన్న ఆవిడే స్వయంగా వెళ్లి చూసొచ్చారు. రాగానే నేనే అడిగాను, నిజమేనా అమ్మా అని. నిజమే, పోయింది, అంతా అయిపోయింది అన్నారు. ఎప్పుడూ బింకంగా ఉండే మనిషి, ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది. రాత్రంతా లైటు తీయలేదు. పొద్దున్నుంచీ ఎవరో ఒకరు పలకరించడానికి వెళ్తూనే ఉన్నారు."

అతను చెబుతుండగానే ఇద్దరాడవాళ్లు తలలు వంచుకుని మెట్లవైపు వెళ్లారు. ఆవిడ వాళ్లనే చూస్తూ నిలబడింది. మూడో అంతస్తు కిటికీ తెరిచే ఉంది. లోపల ఎవరిదో ఓదార్పు గొంతు, మధ్యలో అక్క గొంతు. మాటలు తెలియడం లేదు. ఇప్పుడు తను ఆ మెట్లెక్కితే వీధి వీధంతా అక్కను అబద్ధాలకోరు అంటుంది. ఈ చీటీ అంటించినా అంతే.

ఇస్త్రీ అతను తలెత్తి గోడవైపు చూశాడు, ఆవిడవైపు చూశాడు.

"ముక్కు అదీ మీలాగే ఉందండి. మీకేమైనా అవుతారా?"

"లేదండి" అంది ఆవిడ. "కొంచెం తెలుసు."

చీటీని మళ్లీ మడిచి సంచిలో పెట్టుకుంది. పోస్టరు కింది మూల ఒకటి ఊడి గాలికి కొట్టుకుంటోంది. ఆవిడ కుంచె ముంచి, ఆ మూల వెనక జిగురు రాసి, ఊడకుండా అరచేత్తో గట్టిగా అదిమింది.